పండగ ముందు రోజు చెబితే ఏం లాభం?

సంపాదకులకు నమస్కారం.

పండగ వస్తోందంటే మీ పేపర్లో టపాసుల జాగ్రత్తలు వేస్తారు, మంచిదే. బకెట్ నీళ్లు దగ్గర పెట్టుకోండి, పిల్లల్ని ఒంటరిగా వదలకండి, ఇలా అన్నీ వివరంగా ఉంటాయి, చివర్లో మాత్రం పెంపుడు జంతువుల విషయంలోనూ జాగ్రత్త వహించండి అని ఒక్క ముక్క. ఎలా వహించాలో ఉండదు. పైగా అది వచ్చేది పండగ ముందు రోజు, అప్పటికి చేయగలిగిన దాంట్లో సగం చేజారిపోయి ఉంటుంది.

మా కుక్క మొదటి ఏడాది మోతలకు ఉలిక్కిపడుతుంటే 'నాలుగుసార్లు వింటే అదే అలవాటు పడుతుందిలే' అన్నారంతా. నేనూ నమ్మి బాల్కనీలో నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. అలవాటు పడకపోగా, మరుసటి ఏడాది మొదటి చప్పుడుకే బాత్రూంలో బకెట్ల వెనక ఇరుక్కుంది. వెళ్లి చూస్తే తోక కాళ్ల మధ్యకు పోయింది, చొంగ కారి టైల్స్ తడిసిపోయాయి, ఒళ్లంతా వణుకు, ఇష్టమైన బిస్కెట్ ముక్కు దగ్గర పెట్టినా అటు చూడలేదు. అప్పుడు నేను చేసిన రెండో తప్పు, కాలర్ పట్టుకుని బయటికి లాగడం. (కరవలేదు, అది దాని మంచితనం.) బలవంతంగా వినిపిస్తే భయం పోదు సరికదా ముదురుతుంది, తర్వాత ఉరుము ఉరిమినా, తలుపు ధడాలున పడినా వణుకే.

అలవాటు చేయాలంటే దానికో పద్ధతి ఉంది. టపాసుల రికార్డింగ్ ఫోన్లో చాలా తక్కువ సౌండ్‌తో, అది తింటున్నప్పుడో ఆడుకుంటున్నప్పుడో పెట్టాలి, ఎంత తక్కువంటే ఒకసారి చెవి రిక్కించి మళ్లీ గిన్నెలో తల పెట్టేయాలి. రోజులు గడిచేకొద్దీ కాస్త కాస్త పెంచాలి. తినడం ఆపేసిందంటే మనం తొందరపడ్డామని, మళ్లీ తగ్గించాలి. దీనికి వారాలు పడుతుంది, కొన్నిటికి నెలలు. అందుకే ముందు రోజు చెబితే లాభం లేదంటున్నాను.

మందుల సంగతీ అంతే. భయం బాగా ముదిరిన వాటికి పశువైద్యులు బరువు చూసి గాబాపెంటిన్, ట్రాజొడోన్ లాంటివి రాస్తారు, పండగ లోపే మామూలు రోజున ఒకసారి వేసి ఎలా ఉందో చూసుకోవాలి. ఏస్‌ప్రొమజీన్ అనే పాత మత్తుమందు ఒక్కటే ఇస్తే ఒళ్లు కదలదు గానీ లోపల భయం అలాగే ఉంటుంది, మనకేమో హాయిగా పడుకున్నట్టు కనిపిస్తుంది. ఇంట్లో ఉన్న మన మాత్రలు మాత్రం వద్దే వద్దు, ఒక్క పారాసిటమాల్ చాలు పిల్లి ప్రాణం మీదికి రావడానికి.

ఆ రోజు చేసేది నిజానికి తక్కువే. చీకటి పడకముందే బయట తిప్పుకొచ్చి, లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాన్, టీవీ పెట్టి, దాని పాత దుప్పటి వేసి ఉంచాలి. ఎక్కడ దూరితే అక్కడే ఉండనివ్వాలి, పిల్లికైతే దాక్కోవడానికి ఒక అట్టపెట్టె, మలమూత్రాల ట్రే అదే గదిలో ఉండాలి. మన దగ్గరికొస్తే నిమరండి, దగ్గరికి తీస్తే భయం ఇంకా పెరుగుతుందనే మాటలో నిజం లేదు.

ఇంతకీ మోతల కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది వీధి తలుపు. చుట్టాలు వస్తూ పోతూ ఉంటే ఎవరో ఒకరు తెరిచి వదిలేస్తారు, బెదిరిన కుక్క ఒక్క ఉదుటున పారిపోతుంది, అంత భయంలో ఇంటి దారి గుర్తుంటుందా? కాలర్ మీద ఫోన్ నంబర్ ఉండాలి, గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్ వేయించిన వాళ్లు రిజిస్ట్రేషన్‌లో పాత నంబరే ఉందేమో చూసుకోవాలి.

చుట్టాలకు ఇంకో మాట, ముద్దొస్తోందని చాక్లెట్టో కిస్‌మిస్సో కుక్కకు పెట్టొద్దు, రెండూ విషమే. చక్కెర బదులు వాడే జైలిటాల్ ఉన్న షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ కూడా. పిల్లి నోట్లోంచి గిఫ్ట్ రిబ్బన్ వేలాడుతుంటే లాగకండి, లోపల పేగులు కోసుకుపోవచ్చు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇవి ఈసారి నెల రోజుల ముందే వేయండి. ఫోటో కావాలంటే మా కుక్కది పంపుతాను, బకెట్ల వెనక ఉన్నప్పటిది కాదు, వేరేది.

ఇట్లు,
ఒక పాఠకురాలు