దేశం తరఫున ఆడేవాళ్లు డబ్బు అడగకూడదా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం ఈ శీర్షికలో ఒక పాఠకుడు మహిళా క్రికెటర్ల మ్యాచ్ ఫీజు గురించి రాశారు. 2022లో బీసీసీఐ మగవాళ్లతో సమానంగా టెస్టుకి 15 లక్షలు, వన్డేకి 6 లక్షలు, టీ20కి 3 లక్షలు ఇస్తామని ప్రకటించడం ఆయనకు నచ్చలేదు. దేశం జెర్సీ వేసుకున్నాక ఈ డబ్బు లెక్కలేమిటన్నది ఆయన బాధ. నేను ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆయన ఉత్తరం చదవగానే నాకు బిల్లీ మెక్రాకెన్ గుర్తొచ్చాడు.

మన దగ్గర ఈ పేరు ఎవరూ వినుండరు. 1883లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టాడు. అక్కడి డిస్టిలరీ క్లబ్బులో ఆడి, 1904లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యునైటెడ్‌కి వెళ్లాడు. ఫుట్‌బాల్‌నే బతుకుతెరువు చేసుకున్న తొలితరం ఐరిష్ ఆటగాళ్లలో ఒకడు. రైట్ బ్యాక్, అంటే కుడివైపున గోలును కాపాడే ఆటగాడు. ఆయన ఉండగా న్యూకాజిల్ 1905, 1907, 1909లో లీగ్ గెలిచింది, 1910లో ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్పు కూడా కొట్టింది.

లోకం మాత్రం ఆయన్ని ఆఫ్‌సైడ్ వల్లే గుర్తుపెట్టుకుంది. అప్పటి రూలు ప్రకారం బంతి అందుకునేవాడికీ గోలు గీతకీ మధ్య గోల్‌కీపర్‌తో కలిపి ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి, లేకపోతే ఆఫ్‌సైడ్ తప్పని రిఫరీ విజిల్ వేసేవాడు. మెక్రాకెన్ సమయం చూసి నాలుగడుగులు ముందుకొచ్చేవాడు, అంతే, అవతలి ఫార్వర్డ్ ఆఫ్‌సైడ్‌లో దొరికిపోయేవాడు. ప్రేక్షకులు తిట్టిపోసేవారు. న్యూకాజిల్ స్టేషన్లో రైలు దిగిన ఆటగాడొకడు గార్డు విజిల్ వినగానే "అప్పుడే ఆఫ్‌సైడా!" అన్నాడని ఒక జోకు ఉంది. చివరికి 1925లో ముగ్గుర్ని ఇద్దరు చేస్తూ రూలే మార్చేశారు. ఇంగ్లిష్ లీగ్‌లో అంతకుముందు సీజన్‌లో 4,700 గోల్స్ పడితే, ఆ తర్వాతి సీజన్‌లో 6,373 పడ్డాయి. తమాషా ఏమిటంటే, అప్పటికి రెండేళ్ల కిందటే ఆయన న్యూకాజిల్ వదిలేసి హల్ సిటీకి మేనేజర్‌గా వెళ్లిపోయాడు.

నేను చెప్పదలచుకున్నది ఈ ఆఫ్‌సైడ్ గురించి కాదు. 1908లో ఇంగ్లండ్‌తో మ్యాచ్ ముందు మెక్రాకెన్ ఐరిష్ ఫుట్‌బాల్ సంఘాన్ని ఒక్కటే అడిగాడు: ఇంగ్లండ్ ఆటగాళ్లకు వాళ్ల సంఘం ఎంత ఇస్తోందో నాకూ అంత ఇవ్వండి. సంఘం ఇవ్వలేదు సరికదా, ఆయన్నే జట్టులోంచి తీసేసింది.

అడిగింది అత్యాశా? క్లబ్బులో ఆయన పక్కన ఆడేది ఇంగ్లిష్‌వాళ్లే. ఆ రోజుల్లో ఇంగ్లిష్ లీగ్‌లో ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి నాలుగు పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదని రూలు. ఆ మొత్తం తర్వాత పెరిగినా, జీతానికి పరిమితి పెట్టడం మాత్రం 1961 దాకా నడిచింది. అంటే శనివారం శనివారం ఆడే క్లబ్బు మ్యాచ్‌ల్లో ఇద్దరికీ ఒకటే పరిమితి. దేశాల మధ్య మ్యాచ్‌లో ఎదురెదురుగా నిలబడేసరికి ఒకడికి ఎక్కువ, ఇంకొకడికి తక్కువ. అదే మైదానం, అదే తొంభై నిమిషాలు. కాలు విరిగితే ఇద్దరి జీతమూ పోతుంది. టికెట్ కొన్న జనం మాత్రం ఐర్లండ్ ఆటగాళ్లని సగం ధరకు చూడలేదు కదా!

ఈ పంతం వల్ల ఎవరు నష్టపోయారో కూడా చూడాలి. క్లబ్బు తరఫున మెక్రాకెన్ మంచి ఫామ్‌లో ఉన్న ఏళ్లన్నీ ఐర్లండ్‌కి దక్కకుండా పోయాయి. 1914లో ఐర్లండ్ మొట్టమొదటిసారి ఎవరితోనూ పంచుకోకుండా బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ (ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ జట్ల పోటీ) గెలిచింది. ఆ జట్టులో ఆయన లేడు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక మళ్లీ పిలిచారు, అప్పటికి ముప్పై ఆరు దాటాయి. పిలవగానే వెళ్లి ఆడాడు. డబ్బు అడిగినవాడికి దేశం మీద ప్రేమ లేదని ఇప్పుడు చెప్పండి.

కొసమెరుపు కూడా ఐర్లండ్‌దే. 1921లో డబ్లిన్‌లో వేరే ఫుట్‌బాల్ సంఘం పుట్టింది. సరిగ్గా వందేళ్లకు, 2021 ఆగస్టులో, ఆ సంఘం పురుషుల, మహిళల జట్లకు ఒకటే మ్యాచ్ ఫీజు అని ప్రకటించింది. అందుకోసం మగ ఆటగాళ్లు తమ ఫీజు తగ్గించుకున్నారు. పురుషుల జట్టు కెప్టెన్ షేమస్ కోల్‌మన్, మహిళల కెప్టెన్ కేటీ మెకేబ్ కలిసి ఒప్పందం కుదిర్చారు. మన దగ్గర ఎవరి ఫీజూ తగ్గకుండానే ఆడపిల్లలకు పెంచారు, దానికే ఇంత గొడవ.

పై స్థాయి సంగతి అది. కింద స్థాయిలో నేను పిల్లల్ని పోటీలకు తీసుకెళ్లిన రోజుల్లో ఆడపిల్లల టీముకి టీఏ, డీఏ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. బస్సు టికెట్లు చాలాసార్లు నా జేబులోంచే. ఇవ్వండని గట్టిగా అడిగితే "మాస్టారూ, పిల్లలు ఆడుకోవడానికి వచ్చారా, సంపాదించుకోవడానికి వచ్చారా?" అన్నారొకసారి.

మీకో విన్నపం. జిల్లా, రాష్ట్ర స్థాయి మ్యాచ్‌ల వార్త వేసేటప్పుడు స్కోరు కింద ఒక్క లైను చేర్చండి: మగపిల్లలకు రోజుకు ఎంత ఇచ్చారు, ఆడపిల్లలకు ఎంత ఇచ్చారు, ఆ డబ్బు చేతికి వచ్చిందా లేదా.

ఇట్లు
రిటైర్డ్ పీఈటీ, ఏలూరు