కెమెరాకు ఏం రోగం లేదురా, అడ్రస్ దగ్గరే గొడవ

తిరుపతి

ఒరే రఘూ,

నీ వాయిస్ మెసేజ్ మొత్తం విన్నాను, మధ్యలో కెమెరాను తిట్టిన తిట్లతో సహా. తొందరపడి దాన్ని వాపసు పంపకు. చిత్తూరులో ఇంటి వైఫై మీద చక్కగా కనిపించి, నువ్వు బెంగళూరు చేరగానే కనిపించడం మానేసిందంటే కెమెరా బాగానే ఉన్నట్టు. బయటి నుంచి దానికి దారి లేదు, అంతే.

ఈ అడ్రస్‌ల (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తుపట్టే ఐపీ నంబర్ల) గోల నాకు ఎట్లా పట్టుకుందంటే, మా బావ రేణిగుంట షాపులో కొత్త కెమెరాలు పెట్టించుకుని పాతదొకటి మాకిచ్చాడు. బైరాగిపట్టెడలో మా గేటు మీద బిగించి వైరు తెచ్చి రౌటర్‌కు పెడితే లైటు వెలుగుతుంది, యాప్‌లో మాత్రం జాడ లేదు. ల్యాప్‌టాప్‌లో దాని అడ్రస్ చూపించే ఐపీకాన్ఫిగ్ అనే కమాండ్ కొట్టి చూస్తే మా రౌటర్ పంచేవన్నీ 192.168.0 తో మొదలయ్యే అడ్రస్‌లు. కెమెరాకేమో షాపులో ఉన్నప్పుడు 192.168.1.50 అని ఖాయం చేసి పెట్టారు. సబ్‌నెట్ మాస్క్ (అడ్రస్‌లో ఎంత భాగం అందరికీ ఒకటే ఉండాలో చెప్పే లెక్క) 255.255.255.0 ఉన్నచోట చుక్కల మధ్య మొదటి మూడు సంఖ్యలూ కలవాల్సిందే, లేకపోతే ఒకే రౌటర్‌కు పక్కపక్కనే తగిలించినా ఒకదానికొకటి కనిపించవు. వైఫై ఆపి, కెమెరా వైరు నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టి, ల్యాప్‌టాప్‌కు చేత్తో 192.168.1.10 అని ఇచ్చి బ్రౌజర్‌లో కెమెరా అడ్రస్ కొడితే లాగిన్ పేజీ వచ్చింది. అక్కడ డీహెచ్‌సీపీ, అంటే రౌటర్ ఇచ్చే అడ్రస్‌నే తీసుకునే పద్ధతి, ఆన్ చేసి మళ్లీ రౌటర్‌కు పెట్టాను, అయిపోయింది. బావకు పాస్‌వర్డ్ గుర్తుండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మళ్లీ నిచ్చెనెక్కి రీసెట్ బటన్ వెతుక్కోవాల్సి వచ్చేది.

దీనికంటే తమాషా కొర్లగుంటలో మా అక్క వాళ్లింట్లో జరిగింది. వాళ్ల కెమెరా పగలంతా బాగా పనిచేస్తుంది, సాయంత్రం మేనల్లుడు కాలేజీ నుంచి రాగానే ఆగి ఆగి వస్తుంది, వాడు బయటికి పోతే మళ్లీ మామూలే. అక్క అయితే వాడే ఏదో నొక్కుతున్నాడని వాడి మీద విరుచుకుపడింది, పాపం. విషయం ఏందంటే, బిగించినతను కెమెరాకు ఇచ్చిన ఖాయం అడ్రస్, రౌటర్ అందరికీ పంచే వరసలోదే. ఒకసారి కరెంటు పోయి వచ్చినప్పుడు కెమెరా లేచేలోపే వాడి ఫోన్‌కు ఆ అడ్రస్ ఇచ్చేసింది రౌటర్. ఇట్లాంటి అనుమానం వస్తే కెమెరా వైరు పీకేసి ల్యాప్‌టాప్ నుంచి ఆ అడ్రస్‌కు పింగ్ కొట్టు, అంటే ఉన్నావా అని పలకరించు. అప్పుడూ జవాబు వస్తోందంటే అక్కడ ఇంకొకరు కూర్చున్నట్టే. మందు కూడా సులువే, రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది, కెమెరా మ్యాక్ అడ్రస్ (ఫ్యాక్టరీలో దానికి వేసిన నంబర్) అందులో రాస్తే ఎన్నిసార్లు కరెంటు పోయి వచ్చినా దాని అడ్రస్ దానికే వస్తుంది.

ఇక నీ సంగతి. పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి కెమెరాకు రౌటర్‌లో దారి తెరవడం) ఎన్నిసార్లు చేసినా పనిచేయలేదన్నావు కదా, మీ నాయన చేత రౌటర్ లాగిన్ పేజీ తెరిపించి వాన్ అడ్రస్ (బయటి ఇంటర్నెట్ వైపు రౌటర్‌కున్న అడ్రస్) ఏముందో చదవమను. 192.168 తో గానీ 10 తో గానీ మొదలైతే మీ రౌటర్‌కు ముందు ఇంకో రౌటర్ ఉన్నట్టు. చాలాసార్లు ఫైబర్ డబ్బాయే ఆ పని చేస్తుంటుంది, దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి సిగ్నల్ మాత్రం దాటించేట్టు) పెట్టమని ఇంటర్నెట్ కంపెనీని అడగాలి. 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే మాత్రం నువ్వు రౌటర్‌లో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. పాత పద్ధతి (ఐపీవీ4) అడ్రస్‌లు మొత్తం కలిపితే సుమారు 430 కోట్లు, మన ఆసియా వైపు వాటా 2011 ఏప్రిల్‌లోనే చివరి దిమ్మకు, అంటే మిగిలిన ఆఖరి భాగానికి వచ్చేసింది. అందుకని ఇంటర్నెట్ కంపెనీలు వందలమందిని ఒకే అడ్రస్ వెనకాల పెడతాయి, దానికోసమే 2012లో ఈ 100.64 వరసను పక్కన పెట్టారు. పెద్ద సత్రానికి ఒకే డోర్ నంబర్ ఉండి, గది నంబర్ రాయకుండా ఉత్తరం వేస్తే ఏమవుతుందో ఇదీ అంతే. లోపలి నుంచి బయటికి పోవచ్చు, బయటివాడు నేరుగా నీ గదికి రాలేడు.

దీనికి దారులు లేకపోలేదు. కెమెరా కంపెనీ యాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కలిపే పద్ధతి ఉంటే అదే వాడు, అక్కడ కెమెరాయే బయటికి పోయి సర్వర్‌ను పలకరిస్తుంది కాబట్టి ఈ అడ్డు తగలదు. కంపెనీ సర్వర్ మీద నమ్మకం లేకపోతే మీ ఇంట్లో మూలన పడున్న పాత ల్యాప్‌టాప్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉంచి టెయిల్‌స్కేల్ (నీ పరికరాలను ఇంటర్నెట్ మీదుగా ఒకే సొంత నెట్‌వర్క్‌లా కలిపే యాప్) పెట్టుకో. అది కూడా 100 తో మొదలయ్యే అడ్రస్‌లే ఇస్తుంది, చూసి మళ్లీ కంగారు పడి నాకు ఫోన్ చేయకు! డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మారకుండా నీకొక్కడికే ఉండే బయటి అడ్రస్) తీసుకోవచ్చు గానీ, నన్నడిగితే వద్దు. కెమెరా పోర్ట్‌ను బజారులోకి తెరిచి పెట్టడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇట్లాంటి కెమెరాల్లోకే, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చని వాటిలోకే దూరింది. నువ్వు రౌటర్‌లో తెరిచిన 554 పోర్ట్ (కెమెరా వీడియో వచ్చే దారి) ఎట్లాగూ పనికి రావట్లేదు కదా, ముందు దాన్ని మూసేయ్.

మీ నాయనకు ఫోన్‌లో ఇదంతా చెప్పడం కష్టమనిపిస్తే నాకు చెప్పు, వచ్చే ఆదివారం నేను కాణిపాకం పోతున్నాను, అటు నుంచి కట్టమంచి వైపు వచ్చి చూస్తాను. రౌటర్ పాస్‌వర్డ్ మాత్రం ముందే వెతికి పెట్టమను, డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది.

నీ
సుబ్బు