అద్దాల గదిలో వెలుగు ఎంతసేపు ఉంటుంది?

సంపాదకులు గారికి,

నాలుగు గోడలకూ, నేలకూ, పైకప్పుకూ అద్దాలు బిగించిన గదిలో దీపం ఆర్పేస్తే వెలుగు లోపలే తిరుగుతూ ఉండిపోతుందా అన్న ప్రశ్నకు మీ సైన్స్ పేజీలో జవాబు వచ్చింది. అద్దం పరిపూర్ణమైతే ఎప్పటికీ ఉంటుందనీ, అలాంటి అద్దం లేదనీ చెప్పి వదిలేశారు. అందులో తప్పు లేదు. కానీ ఆ ప్రశ్న అడిగే పిల్లలకు కావలసింది ‘ఎంతసేపు’ అన్న లెక్క. అది హైస్కూలు గణితంతో తేలిపోతుంది.

పొడవు, వెడల్పు, ఎత్తు 3 మీటర్ల చొప్పున ఉన్న గది తీసుకుందాం. కాంతి తిన్నగా ఎదుటి గోడకే కాదు, ఏటవాలుగా పక్క గోడలకూ మూలలకూ పోతుంది. అందుకని సగటు దూరం కావాలి. గది ఘనపరిమాణాన్ని 4తో హెచ్చించి, గోడలు, నేల, పైకప్పుల మొత్తం వైశాల్యంతో భాగిస్తే అది వస్తుంది. ఇక్కడ 27 ఘనపు మీటర్లు, 54 చదరపు మీటర్లు కాబట్టి సగటు 2 మీటర్లు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో ఆ దూరం దాటడానికి 6.7 నానోసెకన్లు చాలు (నానోసెకను అంటే సెకనులో నూరు కోట్లవ వంతు). అంటే సెకనులో 15 కోట్ల సార్లు గోడకు తగులుతుంది.

ఇంట్లో వాడే అద్దం తన మీద పడిన కాంతిలో దాదాపు 90 శాతం తిప్పి పంపుతుంది. మిగతాది వెండి పూతలోనూ గాజులోనూ వేడిగా మారుతుంది. 90 శాతమంటే మంచి అద్దమే అనిపిస్తుంది. కానీ నష్టం సెకనుకు ఒకసారి కాదు, తగిలిన ప్రతిసారీ జరుగుతుంది. 0.9ని 44 సార్లు హెచ్చించి చూడండి, నూరింట ఒక వంతే మిగులుతుంది. 44 సార్లు తగలడానికి పట్టేది 0.3 మైక్రోసెకను (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలవ వంతు). అద్దం 99 శాతానిదైతే 3 మైక్రోసెకన్లు. లేజర్ పరికరాల్లో వాడే పలుపొరల అద్దాల్లో 99.999 శాతం తిప్పి పంపేవి ఉన్నాయి. గదంతా వాటితోనే కప్పినా 3 మిల్లీసెకన్లకు మించదు, అది రెప్పపాటులో చిన్న ముక్క. పైగా ఆ అద్దాలు కొన్ని రంగులకే, కొన్ని కోణాల్లోనే అంత బాగా పనిచేస్తాయి. తెల్లటి కాంతి అన్ని వైపుల నుంచీ పడే గదికి అవి పనికిరావు.

కాబట్టి అలాంటి గదిలో స్విచ్ ఆపాక వెలుగు మెల్లగా తగ్గినట్టు కనిపిస్తే అది అద్దాల మహిమ కాదు. ఫిలమెంటు చల్లారడానికి పట్టే సమయం, లేదా ఎల్ఈడీ సర్క్యూట్‌లోని కెపాసిటర్ ఖాళీ అవడానికి పట్టే సమయం దీనికంటే చాలా ఎక్కువ.

ఇప్పుడు అద్దాలు నిజంగానే నూటికి నూరు శాతం తిప్పి పంపుతాయనుకుందాం, గాలి కూడా తీసేశామనుకుందాం. మా దృష్టిలో అసలు ఆసక్తి ఇక్కడే మొదలవుతుంది. లోపల ఒక మనిషి ఉంటే ఒళ్లూ బట్టలూ తమ మీద పడిన కాంతిలో సగం మింగేసినా 2 మైక్రోసెకన్లలోపే నూరింట ఒక వంతుకు పడిపోతుంది. మనిషిని బయట నిలబెట్టి, గోడకు ఒక చదరపు సెంటీమీటరు రంధ్రం చేసి చూడమంటే, ఆ రంధ్రం గుండానే 17 మిల్లీసెకన్లలో వెలుగు కారిపోతుంది. రంధ్రాన్ని ఒక చదరపు మిల్లీమీటరుకు కుదిస్తే 1.7 సెకన్లు వస్తాయి. అప్పుడు మాత్రమే వెలుగు తగ్గిపోవడం కంటికి ఆనుతుంది. బల్బు కూడా కాంతిని మింగుతుంది కనుక దాన్ని లోపల ఉంచకూడదు, క్షణకాలపు వెలుగును బయటి నుంచి ఆ రంధ్రం గుండానే పంపాలి. చూడటమంటే కొంత కాంతిని బయటికి తీయడమే. ఏమీ తీయకుండా చూసే దారి లేదు.

దీపం ఆర్పకపోతే ఏమవుతుందన్నదీ చెప్పాలి. 10 వాట్ల కాంతినిచ్చే దీపం 90 శాతం అద్దాల గదిలో ఎంతసేపు వెలిగినా, ఏ క్షణాన చూసినా లోపల ఉండే కాంతిశక్తి ఒక మైక్రోజౌలు కూడా ఉండదు. వచ్చిందంతా గోడల్లో వేడి అవుతూ ఉంటుంది. పరిపూర్ణ అద్దాలైతే కాంతి పేరుకుంటూ పోయి దీపం మీదే పడుతుంది. దాని వేడి బయటికి పోయే దారి లేదు కాబట్టి ఎల్ఈడీ కాలిపోతుంది.

ఇదంతా కాగితం మీది లెక్క అనుకోనక్కర్లేదు. పారిస్‌లో భౌతికశాస్త్రవేత్త సెర్జ్ అరోష్ బృందం 2.7 సెంటీమీటర్ల ఎడంలో, నియోబియం పూత పూసిన రెండు అతివాహక (విద్యుత్తును నిరోధం లేకుండా పోనిచ్చే) అద్దాలను పరమశూన్యానికి, అంటే మైనస్ 273 డిగ్రీల సెల్సియస్‌కు, ఒక డిగ్రీ లోపు దాకా చల్లబరిచి, వాటి మధ్య ఒక్కో మైక్రోవేవ్ ఫోటాన్‌ను (కంటికి కనిపించని మైక్రోవేవ్ కాంతి కణాన్ని) సగటున 130 మిల్లీసెకన్లు నిలపగలిగింది. ఆ కాస్త సమయంలో అది తిరిగిన దూరం 40,000 కిలోమీటర్లు, దాదాపు భూమి చుట్టుకొలత. 2012 భౌతికశాస్త్ర నోబెల్‌ను అరోష్ పంచుకున్నది ఇలాంటి పనికే.

బడిలో చేయదగ్గ ప్రయోగం ఒకటుంది. 30 సెంటీమీటర్ల చదరపు అద్దాలు రెండు తీసుకుని 20 సెంటీమీటర్ల ఎడంలో ఎదురెదురుగా నిలబెట్టాలి. ఒకదాని వెనక నడిమధ్యలో రంగునూ పూతనూ 5 మిల్లీమీటర్ల మేర గీకి, మధ్యలో ఒక తెల్లని వస్తువు పెట్టి, ఆ రంధ్రంలోంచి చూడాలి. ప్రతిబింబాల వరుస ఒక పక్కకు వంగితే అద్దాలు సమాంతరంగా లేవని అర్థం. అర డిగ్రీ తేడా ఉన్నా కాంతి ఒకసారి పోయి వచ్చేసరికి ఒక డిగ్రీ తిరుగుతుంది. అద్దం అంచు కింద మడిచిన కాగితం పెట్టి సరిచేయాలి. దూరపు ప్రతిబింబాలు మసకబారుతూ ఆకుపచ్చగా మారతాయి. గాజులోని ఇనుము ఎరుపునూ నీలాన్నీ ఎక్కువగా మింగడమే కారణం. గాజు మందం 4 మిల్లీమీటర్లైతే 40సార్లు తగిలొచ్చిన కాంతి 32 సెంటీమీటర్ల గాజును దాటి ఉంటుంది. ప్రతి ప్రతిబింబం పక్కన లేత నీడలాంటి రెండోది కనిపిస్తే అది గాజు ముందు తలం నుంచి వచ్చే 4 శాతం కాంతి, అద్దంలో లోపం కాదు.

ఈ ప్రయోగాన్నీ పై లెక్కనూ బొమ్మతో సహా ఆ పేజీలో మళ్లీ వేయవలసిందిగా కోరుతున్నాం.

– కొందరు భౌతికశాస్త్ర అధ్యాపకులు