చిన్న బండి మీద సామాను: వెనక ఇరుసు దాటనివ్వకండి

సంపాదకులకు నమస్కారం.

చిన్న మోటారు సైకిళ్ల మీద దూర ప్రయాణాలు చేసేవారి గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. వంద, నూట పాతిక సీసీ బళ్లను చిన్నచూపు చూడకుండా రాసినందుకు సంతోషం. అయితే దానికి జతచేసిన ఫోటో చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. బండి తోక చివర పెద్ద పెట్టె, పెట్టె మీద సంచి, సంచి మీద చుట్టిన పరుపు, అన్నిటినీ కలిపి బిగించిన కొక్కేల రబ్బరు తాడు. ఆ బొమ్మను చూపించి ఇలాంటి క్యారియరే కావాలని అడిగేవారు తప్పకుండా వస్తారు. మోటారు సైకిళ్లకు క్యారియర్లు, పక్క సంచులు తగిలించే సైడ్ ఫ్రేములు, లెగ్ గార్డులు తయారు చేసి బిగించడం నా వృత్తి. ఎలాంటి ఫోటోలు చేతిలో పట్టుకుని మనుషులు నా దగ్గరికి వస్తారో నాకు తెలుసు.

నేను చెప్పదలచింది ఒక్కటే. చిన్న బండి ఎంత సామాను మోయగలదో తేల్చేది దాని వెనక ఇరుసు. బరువు ఆ ఇరుసుకు ముందుందా, వెనకుందా, ఎంత ఎత్తున ఉంది అన్నది చూసుకున్నాకే ఎన్ని కిలోలు అన్న ప్రశ్న వస్తుంది.

చిన్న బండి సామాను మోయలేదనేవారి మాట నేను ఒప్పుకోను. 1958లో హోండా తెచ్చిన సూపర్ కబ్‌కు ఇంజను 50 సీసీ కూడా నిండలేదు. 2017 నాటికి ఆ వరుసలో పది కోట్ల బళ్లు తయారయ్యాయి. లోకంలో మరే మోటారు వాహనమూ ఆ సంఖ్యను అందుకోలేదు. వాటిలో ఎన్నెన్నో సరుకులు, ఉత్తరాలు చేరవేయడానికే పనికొచ్చాయి. ఆస్ట్రేలియా తపాలా సంస్థ ఏళ్ల తరబడి ఉత్తరాలు పంచింది సీటీ 110 అనే చిన్న హోండా మీదే. అదే కుటుంబంలో పనివాళ్ల కోసం చేసిన సూపర్ కబ్ ప్రోకు మామూలు కబ్‌కుండే 17 అంగుళాల చక్రాలు వదిలి 14 అంగుళాలవి పెట్టారు. చక్రం చిన్నదైతే బండి కిందికి దిగుతుంది, దాంతో పాటు బరువు కూర్చునే చోటూ దిగుతుంది. చిన్న ఇంజనుతోనే బరువు మోయించాలనుకున్నవాళ్లు ఇలాంటి విషయాల మీద బుర్ర పెట్టారు.

ఇప్పుడు మీ ఫోటోలోని పెట్టె సంగతి. చిన్న బళ్లలో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం సుమారు 125 సెంటీమీటర్లు ఉంటుంది. వెనక ఇరుసుకు 25 సెంటీమీటర్లు వెనకగా 20 కిలోల పెట్టె పెట్టామనుకోండి. వెనక చక్రం మీద పడేది 20 కిలోలు కాదు, 24. ఆ అదనపు నాలుగు కిలోలు ముందు చక్రం మీద నుంచి వచ్చాయి. గునపం ఒక కొస నొక్కితే రెండో కొస లేచినట్టు, తోక మీద బరువు పెడితే ముందు చక్రం తేలికవుతుంది. అదే 20 కిలోలను వెనక ఇరుసుకు 50 సెంటీమీటర్లు ముందుకు తెస్తే ముందు చక్రానికి ఎనిమిది, వెనక చక్రానికి పన్నెండు కిలోలు పడతాయి. సామాను అదే, బండి అదే, రోడ్డు మీద నడత మాత్రం పూర్తిగా వేరు. ముందు చక్రం తేలికైన బండి హ్యాండిల్ చేతిలో నిలవదు, వేగం పెరిగే కొద్దీ ఊగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు భాగం ఇంకా తేలుతుంది. రాత్రి హెడ్‌లైటు వెలుగు రోడ్డు వదిలి ఎదుటివారి కళ్లలో పడుతుంది.

ఇవన్నీ బండి నిలబడి ఉన్నప్పటి లెక్కలు. గుంతలో పడి లేచినప్పుడు ఆ పెట్టె క్యారియర్‌ను లాగే లాగుడు దాని బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ దెబ్బ రోజూ తగులుతూ ఉంటే వెనక సీటు కింద ఉండే సన్నని గొట్టాలలో, అతుకు పక్కన, వెంట్రుక లాంటి పగులు మొదలవుతుంది. పెయింటు కింద ఉంటుంది కాబట్టి చాలాకాలం ఎవరికీ కనబడదు. నా దగ్గరికి వచ్చే బళ్లలో క్యారియర్ విరిగిందని తెచ్చినవాటి కంటే, క్యారియర్ నిక్షేపంగా ఉండి ఛాసీ తోక విరిగినవి నన్ను ఎక్కువ బాధపెడతాయి. క్యారియర్ విరిగితే మార్చవచ్చు. ఛాసీ విరిగిన బండిని నమ్ముకుని బతికేవాడికి ఏం చెప్పాలి?

కంపెనీవాళ్లు అంకెలు ఇస్తూనే ఉన్నారు, మనం చదవడం లేదు. యజమాని పుస్తకంలో బండి ఖాళీ బరువూ, మనుషులూ సామానూ కలుపుకుని అనుమతించిన మొత్తం బరువూ ఉంటాయి. టైరు పక్కన 80/100-18 47పి అని అచ్చు ఉంటే, అందులోని 47 ఆ టైరు మోయగల బరువుకు గుర్తు. 47 అంటే 175 కిలోలు, 42 అంటే 150, అది కూడా టైరులో నిండుగా గాలి ఉన్నప్పుడు. ఒక లెక్క వేసి చూడండి. 110 కిలోల బండిలో వెనక చక్రం మీద పడేది 60 అనుకుందాం. 70 కిలోల మనిషి నడుపుతుంటే అందులో దాదాపు 42 కిలోలు వెనక్కి పోతాయి. వెనక కూర్చున్న మనిషి 60 కిలోలుంటే అందులో 55 దాకా వెనక చక్రానివే. అప్పటికే 157. తోక మీద 20 కిలోల పెట్టె పెడితే ఇందాక చెప్పిన 24 కలిసి 181 అవుతుంది. 47 గుర్తున్న టైరు హద్దు దాటిపోయాం. ఇంజనుకు ఈ సంగతి తెలియదు, అది లాక్కుపోతూనే ఉంటుంది. అందుకే ఇద్దరు ప్రయాణించే చిన్న బండికి పెద్ద పెట్టె బిగించమని అడిగితే నేను ఒప్పుకోను.

ఇంకో సంగతి. ఇనుప క్యారియర్ బరువు కూడా సామాను కిందే లెక్క. గట్టిగా ఉండాలని పది మిల్లీమీటర్ల కడ్డీతో చేయమని చాలామంది అడుగుతారు. పదహారు మిల్లీమీటర్ల వెడల్పూ ఒకటిన్నర మిల్లీమీటర్ల మందమూ ఉన్న గొట్టం ఆ కడ్డీ కంటే తక్కువ బరువు తూగుతుంది, వంగకుండా నిలవడంలో దానికి మూడున్నర రెట్లు పైబడి ఉంటుంది. లోపల బోలుగా ఉన్నది బలహీనం అనే నమ్మకాన్ని పోగొట్టడానికే నాకు సగం నోరు ఖర్చవుతుంది.

వెల్డింగ్ విషయంలో నేను మెత్తబడలేను. క్యారియర్‌ను ఛాసీకి వెల్డింగ్ చేయడం తప్పు. చిన్న బండి గొట్టాలు పలచన. వెల్డింగ్ వేడి తగిలిన చోటు, అతుకును ఆనుకునే, బలం తగ్గుతుంది. కాలిపోయిన పెయింటు కింద గొట్టం లోపలి నుంచి తుప్పు పడుతుంది. బ్యాటరీ తీగలు విప్పకుండా వెల్డింగ్ చేస్తే ఆ కరెంటు బండిలోని ఎలక్ట్రానిక్ భాగాలను కాల్చేయవచ్చు. ఎర్త్ క్లిప్పును ఎక్కడ పడితే అక్కడ తగిలిస్తే కరెంటు చక్రం బేరింగుల గుండా పోయి వాటి గుండ్లను పాడుచేస్తుంది. ఇంత నష్టం ఎందుకు? బండికి బోల్టులు పట్టే చోట్లు కంపెనీవాళ్లే ఇచ్చారు: షాక్ అబ్జార్బర్ పై బోల్టు దగ్గర, వెనక కూర్చునేవారి ఫుట్‌రెస్టు బ్రాకెట్ దగ్గర, సీటు వెనక పట్టుకునే కడ్డీ దగ్గర. ఒక్కో పక్క ఈ మూడింటినీ త్రికోణంలా కలిపితే సైడ్ ఫ్రేము కదలదు. కుడి ఫ్రేమునూ ఎడమ ఫ్రేమునూ నంబరు ప్లేటు కింద అడ్డ గొట్టంతో కలపడం మరచిపోకూడదు. అది లేకపోతే రెండు సంచులూ దేనికది ఊగుతాయి. బోల్టు తల మీద 8.8 అని, అంటే గట్టి ఉక్కు బోల్టు అనే గుర్తు, ఉందో లేదో చూసుకోవాలి. ఒకే సిలిండరు ఇంజను అదురుకు మామూలు నట్టు వదులవుతుంది కాబట్టి లోపల నైలాన్ రింగుతో బోల్టును పట్టి ఉంచే నైలాన్ నట్టు వాడాలి. కొత్తగా బిగించిన క్యారియర్‌ను కొన్నాళ్లు నడిపాక మళ్లీ స్పానర్ పెట్టి చూసుకోవాలి. ఇది చెబితే వినేవారు తక్కువ, అయినా చెబుతూనే ఉంటాను.

బరువైన వస్తువులు సైడు సంచుల అడుగున, వీలైనంత ముందుకు ఉండాలి. పనిముట్లు, నీళ్లు లాంటివి అక్కడ పెట్టి, బట్టలు, దుప్పటి లాంటి తేలికవి తోక మీద పెట్టుకోవచ్చు. ఒంటరిగా వెళ్లేవారికి వెనక సీటే అన్నిటికన్నా మంచి చోటు, ఇరుసుకు కాస్త ముందుంటుంది. సంచి సీటుకు ఆనుకుని పడుకోవాలి, నిలబడకూడదు. కొక్కేల రబ్బరు తాడు మీద నాకు నమ్మకం లేదు. అది సాగుతుంది, కొక్కెం ఊడితే కంటికి తగులుతుంది. బకిల్ ఉన్న పట్టీలతో కట్టి, మిగిలిన కొసలను మడిచి కుట్టేయండి లేదా ముడేయండి. వేలాడే కొస చెయినులోనో ఊచలలోనో చిక్కుకుంటే చక్రం ఉన్న చోటే ఆగిపోతుంది. సైలెన్సర్ పక్క సంచికి రేకు అడ్డం పెట్టడం తప్పనిసరి. సంచులు బిగించాక ఇద్దరు మనుషులను బండి మీద గట్టిగా కూర్చోబెట్టి, షాకులు పూర్తిగా అణిగినప్పుడు సంచి టైరుకు తగులుతుందేమో వంగి చూడండి.

లెగ్ గార్డుకు సంచులు కట్టుకునే పద్ధతి ఈమధ్య బాగా పెరిగింది. బరువు కిందికి, ముందుకు వస్తుంది కాబట్టి ఆలోచన సరైనదే. కానీ చిన్న బళ్లలో ఎక్కువ వాటికి ఇంజను చల్లబడేది ఎదురుగాలితోనే. సిలిండరు మీద ఉన్న రెక్కలకు గాలి అందకుండా సంచి అడ్డుపెట్టి, పైగా బరువుతో ఎత్తు ఎక్కిస్తే ఇంజను తట్టుకోలేదు. సంచిని గార్డు బయటి వైపుకే ఉంచాలి. హ్యాండిల్ మీద మాత్రం ఏదీ వద్దు. అక్కడ కట్టిన ప్రతి కిలో హ్యాండిల్‌తో పాటు తిరగాల్సిందే.

షాక్ అబ్జార్బర్ కింద మెట్ల రింగు తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. గట్టిపడదు. బరువుకు కుంగిన వెనక భాగం పైకి లేస్తుంది, అంతే. అది కూడా కావలసిన పనే. దాంతో హెడ్‌లైటు సరైన చోటికి దిగుతుంది, సంచికీ టైరుకూ మధ్య జాగా పెరుగుతుంది. గాలి మాత్రం స్టిక్కరు మీద ఇద్దరు మనుషులకు రాసినంత పట్టించాలి. ఎత్తులు ఎక్కలేకపోతే ఇంజను విప్పించకండి. చెయిను ముందు స్ప్రాకెట్ 14 పళ్లది ఉంటే 13 పళ్లది వేయించండి. చక్రం దగ్గర లాగే బలం ఏడెనిమిది శాతం పెరుగుతుంది, ఆ మేరకు వేగం తగ్గుతుంది. తిరిగొచ్చాక పాతది వేసుకోవచ్చు. దిగుడులో మాత్రం గేరు తగ్గించి దిగాలి. డ్రమ్ము బ్రేకు బాగా వేడెక్కితే ఎంత తొక్కినా పట్టదు.

మోటారు సైకిళ్లు తయారు చేసే కంపెనీలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఈ బళ్లలో చాలా భాగం పొద్దున్నుంచి రాత్రి దాకా సరుకు మోస్తాయని మీకు తెలుసు. ఛాసీకి ఇరువైపులా, వెనక ఇరుసుకు ముందు, మరలున్న గట్టి బిగింపు చోట్లు నాలుగు ఇవ్వండి. తోక క్యారియర్ మీద ఎన్ని కిలోలు పెట్టవచ్చో పుస్తకంలో ఏ మూలో వదిలేయకుండా క్యారియర్ మీదే చెక్కండి. చాలా బళ్లకు ఆ హద్దు పది కిలోల లోపే. చదివితే జనం నివ్వెరపోతారు, చదవాలి కూడా. నా తోటి ఫిట్టర్లకు ఒక మాట: మనం చేసే ప్రతి క్యారియర్ మీదా పెయింటుతో బరువు హద్దు రాద్దాం. నేను రాస్తున్నాను. చెరిపేయమని అడిగినవారున్నారు, చెరపలేదు.

సంపాదకుల వారికి చివరి మనవి. ఈసారి ఇలాంటి వ్యాసం వేసినప్పుడు బండిని పక్క నుంచి తీసిన ఫోటో వేయండి. వెనక ఇరుసు ఎక్కడుందో, సామాను ఎక్కడుందో పాఠకులకు తెలుస్తుంది. ఫోటో కింద బండి ఖాళీ బరువు, అనుమతించిన మొత్తం బరువు, వెనక టైరు మీది గుర్తు, ఆ ప్రయాణంలో సామాను తూకం, ఈ నాలుగూ అచ్చు వేయండి.

ఇట్లు,
క్యారియర్లు చేసే ఒక ఫిట్టర్, మీ పాఠకుడు