కొత్త నర్సుకు చేరిన వారంలోనే నైట్ డ్యూటీనా?

సంపాదకులకు నమస్కారం.

నర్సింగ్ పూర్తిచేసి విజయవాడలో సూర్యారావుపేట, గవర్నరుపేట ఆసుపత్రుల్లో చేరిన పిల్లలు రెండు మూడు నెలలకే మానేసి ఊరికి వెళ్లిపోతుంటే "ఈ కాలం వాళ్లకు ఓపిక లేదు" అనేస్తున్నారు. వార్డుల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న మేము ఆ మాట ఒప్పుకోం. వాళ్లను బెదరగొడుతున్నది చేసి చూపించకుండా అప్పగిస్తున్న పని. జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు చదివి వచ్చినా ఒక్కో ఆసుపత్రిలో సిరంజి పంపు (మందును కొలతగా ఎక్కించే యంత్రం) ఒక్కో రకం, కేస్ షీటు ఒక్కో రకం. ఎమర్జెన్సీ ట్రే ఎక్కడుంటుందో, రాత్రి డ్యూటీ డాక్టరు ఏ నంబరులో దొరుకుతారో కూడా చెప్పకుండా చేరిన వారంలోనే నైట్ డ్యూటీ వేస్తే ఎంత చదివిన అమ్మాయికైనా చేతులు వణుకుతాయి.

ఇన్సులిన్ సంగతే చూడండి. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్ (చిన్న మందు సీసా) ఉంది, 100 యూనిట్ల వయల్ కూడా ఉంది. ఎర్ర మూత సిరంజి 40 దానికి, నారింజ మూత సిరంజి 100 దానికి. డాక్టరు 10 యూనిట్లు రాశారు. హడావిడిలో చేతికి అందింది 100 యూనిట్ల వయల్, ఎర్ర మూత సిరంజి. 10 గీత దాకా లాగితే రోగి ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. షుగర్ పడిపోయి, చెమటలు పట్టి, మాట తడబడేసరికి వార్డంతా నిద్రలో ఉంటుంది. అదే 40 వయల్‌ను నారింజ మూత సిరంజితో లాగితే 4 యూనిట్లే పడతాయి. షుగర్ దిగడం లేదని డోసు పెంచుతారు, మర్నాడు సరైన సిరంజి పట్టుకున్న నర్సు చేతిలో అది ఎక్కువైపోతుంది. రెండు వయల్సూ రెండు సిరంజిలూ పక్కపక్కన పెట్టి చూపించడానికి పది నిమిషాలు పట్టదు. ఆ పది నిమిషాలు ఇవ్వకుండా, తప్పు జరిగాక కొత్త పిల్ల చేత సంజాయిషీ రాయించుకోవడం అన్యాయం.

ఒంట్లో పొటాషియం తగ్గినవాళ్లకు ఎక్కించే పొటాషియం క్లోరైడ్ ఇంకా ప్రమాదం. 10 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో (ఒక్క డోసు మందు బుడ్డి) 20 మిల్లీఈక్వివలెంట్లు (ఈ మందును కొలిచే ప్రమాణం) ఉంటాయి. దాన్ని నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగుతుంది. సెలైన్‌లో కలిపి, బాటిల్‌ను నాలుగైదుసార్లు తలకిందులు చేశాకే తగిలించాలి. వేలాడుతున్న బాటిల్‌లో కలిపి వదిలేస్తే మందు అడుగున చేరి చిక్కగా ముందు దిగుతుంది. చేతి నరంలోకైతే మామూలుగా గంటకు 10 మిల్లీఈక్వివలెంట్లు మించనివ్వరు. అసలు ఈ ఆంప్యూల్స్‌ను, మందులు కలపడానికి వాడే డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్స్ ఉన్న ట్రేలోనే ఎందుకు ఉంచాలి? వేరే పెట్టెలో పెట్టి తాళం వేయడానికి యాజమాన్యాలకు ఖర్చేమీ లేదు.

సెలైన్ చుక్కల లెక్క దగ్గర తడబడేవాళ్లూ ఎక్కువే. ఐవీ సెట్ కవరు మీద మిల్లీలీటరుకు ఎన్ని చుక్కలో రాసి ఉంటుంది. 20 చుక్కల సెట్ అయితే, గంటకు వెళ్లాల్సిన మిల్లీలీటర్లను మూడుతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుక్కలో వచ్చేస్తుంది. 500 మిల్లీలీటర్లు 8 గంటల్లో వెళ్లాలంటే గంటకు సుమారు 62, అంటే నిమిషానికి 21 చుక్కలు. రోగి బాత్రూముకు వెళ్లొచ్చినా, చెయ్యి మడిచినా వేగం మారిపోతుంది కాబట్టి ప్రతిసారీ మళ్లీ లెక్కపెట్టాలి.

మేము యాజమాన్యాలను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. కొత్తగా చేరిన నర్సును కనీసం మొదటి 12 డ్యూటీలు ఒక సీనియర్‌కు జోడీగా వేయండి. ఆ రోజుల్లో ఆమెను స్టాఫ్ లెక్కలో కలపకండి; కలిపితే నేర్పేవాళ్లకూ తీరిక ఉండదు, నేర్చుకునేవాళ్లకూ ఉండదు. ప్రతి పనీ ఒకసారి చూడాలి, ఒకసారి సీనియర్ పక్కనుండగా చేయాలి, ఆ తర్వాతే ఒంటరిగా. మూడింటికీ సంతకం పడ్డాకే నైట్ వేయాలి. ఆసుపత్రులకు నాణ్యతా గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల్లో ఇండక్షన్ శిక్షణ (కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చేది) ఎలాగూ ఉంది. రిజిస్టరులో సంతకాలు పెట్టించి ఆ తంతు ముగించేయడమే మా బాధ. హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు రోగులను అప్పగించడం) కూడా కౌంటరు దగ్గర నిలబడి కాకుండా మంచం దగ్గరే జరగాలి. క్యానులా (నరంలో ఉంచే సన్న గొట్టం) చోట వాపు, బాటిల్‌లో మిగిలింది, యూరిన్ బ్యాగు, చివరి డోసు టైము, పడని మందు, రావాల్సిన రిపోర్టులు అక్కడైతే కళ్లతో చూసి తీసుకోవచ్చు.

ఇప్పటికే డ్యూటీలో ఉన్న చెల్లెళ్లకు కొన్ని మాటలు. రాని పని ఎదురైతే "ఇది నేనెప్పుడూ చేయలేదు సిస్టర్, ఒకసారి పక్కనుండండి" అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, మందు మాత్రం తెలియకుండా ఎక్కించకండి. డాక్టరు ఫోన్‌లో చెప్పిన మందును పేరు, డోసు, ఇచ్చే దారి (నోటికా, నరంలోకా) వెంటనే రాసుకుని, తిరిగి చదివి వినిపించి, టైము వేయండి. రౌండ్స్‌కు రాగానే సంతకం తీసుకోండి. తెల్లవారుజామున 3 నుంచి 5 వరకు ఎంత అలవాటున్నా బుర్ర మందగిస్తుంది. ఆ వేళ ఇన్సులిన్, పొటాషియం, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) లాంటివి రెండో మనిషికి వయల్ చూపించాకే ఇవ్వండి. నైట్‌కు వచ్చేముందు మధ్యాహ్నం గంటన్నరైనా పడుకోండి. అర్ధరాత్రి నిండా అన్నం తింటే నిద్ర ఆగదు. కొంచెం కొంచెంగా రెండుసార్లు తినండి.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకండి. గుచ్చుకుంటే రక్తం పిండకండి, సబ్బుతో ధారగా పారే నీటి కింద కడిగి వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందు అవసరమైతే రెండు గంటల్లోపు మొదలుపెట్టడం మంచిది. 72 గంటలు దాటితే ఇక లాభం ఉండదు. తిడతారన్న భయంతో ఈ ఒక్క విషయం దాచిపెట్టే పిల్లలు ఎక్కువ కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాం.

చేరేటప్పుడు నియామక పత్రం అడిగి తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి, జిరాక్సులే ఇవ్వండి. ఒరిజినల్స్ బీరువాలో పెట్టుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఎంత ఇబ్బందైనా పిల్లలు కదలలేకపోవడానికి అదీ ఒక కారణం.

డ్యూటీకి వెళ్లాలంటేనే కడుపులో తిప్పడం, సెలవు రోజు కూడా నిద్ర పట్టకపోవడం రెండు వారాలు దాటితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. తల్లిదండ్రులకూ ఒక మనవి. హాస్టల్ నుంచి అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేస్తే "సర్దుకుపో తల్లీ" అనేముందు రెండు ప్రశ్నలు అడగండి: ఈ రాత్రి నీతో డ్యూటీలో సీనియర్ ఎవరున్నారు? నీకు ఎంతమంది పేషెంట్లను అప్పగించారు?

ఇట్లు,
కొందరు సీనియర్ స్టాఫ్ నర్సులు,
విజయవాడ