బ్లాకులతో పాటు కాస్త రాత కూడా
అందరికీ నమస్తే. ఇంట్లో లెక్కలు నేర్పడానికి బ్లాకులొక్కటే (ఒకట్లకు చిన్న ఘనాలు, పది ఘనాలకు సమానమైన కడ్డీలు) సరిపోతాయా అని నిన్న అడిగారు కదా. మా ఆరేళ్ల పాపకైతే సరిపోలేదు. ఇరవై మూడు అంటే చకచకా పేర్చేది: రెండు పదుల కడ్డీలు, మూడు చిన్న ఘనాలు. రాయమంటే మాత్రం 203! విన్నది విన్నట్టు ఇరవై రాసి, పక్కన మూడు. 20 రాసిన అట్టముక్క మీద సున్నా మూసుకుపోయేలా 3 ముక్క పెట్టి చూపించా. రెండు రోజుల్లో పట్టేసింది.

ఇప్పుడు పేర్చిన లెక్కల్లోంచే రోజూ నాలుగైదు రాయిస్తున్నా, అంతే. చిన్న కూడికలు నోటికి రావడానికి రెండు పాచికలు వేసి కలిపిస్తే చాలు. పేజీలకు పేజీల వర్క్‌షీట్లు దండగ (ప్రింటర్ ఇంకుతో సహా). బ్లాకులు అప్పుడే అటకెక్కించకండి, అప్పు తెచ్చే తీసివేతలకి పదిని ఒకట్లుగా మార్చి చూపించాలంటే మళ్లీ అవే కావాలి.