అతిథుల పేర్లు సరే, వాళ్లు చేసిన పని మాటేమిటి?

సంపాదకుడు గారికి,

పేరున్న రాపర్ ఎవరైనా చాలాకాలానికి ఆల్బమ్ తెస్తే, అందులో ఎవరెవరు గొంతు కలిపారో ఒక వరసలో చెప్పేసి ఊరుకోవడం మన పత్రికల వినోదం పేజీలకు అలవాటైపోయింది. ఆ అతిథి వచ్చి పాటలో ఏం చేశాడన్నది కూడా రాయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

అమెరికన్ రాపర్ ఎల్ఎల్ కూల్ జే 2024 సెప్టెంబరులో విడుదల చేసిన ‘ది ఫోర్స్’నే తీసుకోండి. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పెరిగి, 1985లో పదిహేడేళ్ల వయసులో తొలి ఆల్బమ్ తెచ్చిన ఈయన, 2013 తరవాత మళ్లీ అప్పుడే పూర్తి ఆల్బమ్‌తో వచ్చారు. స్నూప్ డాగ్, నాస్, ఎమినెమ్, బస్టా రైమ్స్, రిక్ రాస్, ఫ్యాట్ జో: అతిథుల జాబితా ఘనంగానే ఉంది. అయితే మన బుర్రకథలో వంతలు తందానా అని ఊరుకోరు. ఒకరు నవ్విస్తూ, మరొకరు వర్తమాన రాజకీయాన్ని ముడిపెడుతూ, మధ్యమధ్య ప్రశ్నలు వేసి కథకుణ్ణి ముందుకు నడిపిస్తారు. ఈ ఆల్బమ్‌లోని మంచి పాటల్లో అతిథులు చేసింది కూడా అలాంటి పనే. కూల్ జే 1990 నాటి తన పాటకు కొనసాగింపుగా ఎమినెమ్‌తో చేసిన పాటలో ఒకరు ఆపీ ఆపకముందే మరొకరు అందుకుంటారు, ఆ పోటీలో యాభై ఆరేళ్ల మనిషి ఎక్కడా వెనకబడడు. అమెరికాలో నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన హ్యూయీ న్యూటన్ చేతిలో తుపాకీ, ఈటె పట్టుకుని పేము కుర్చీలో కూర్చున్న 1967 నాటి ఫొటోను గుర్తుచేసే పాటకు బస్టా రైమ్స్ గంభీరమైన గొంతే సరైనది. మహిళా రాపర్ సావీటీతో చేసిన పాట మాత్రం నాకు అతకలేదు.

అన్నిటికన్నా నన్ను కదిలించిన అతిథి రాపర్ కానే కాదు. ఆమె సోనా జోబార్తే, గాంబియా మూలాలున్న బ్రిటిష్ కళాకారిణి. సగానికి కోసిన పెద్ద సొరబుర్రకు తోలు బిగించి, ఇరవై ఒక్క తీగలు కట్టి, బొటనవేళ్లతో, చూపుడువేళ్లతో మీటే కోరా అనే వాద్యం ఆమెది. పశ్చిమాఫ్రికాలో వంశగాథలు పాడే గ్రియో కుటుంబాల్లో ఇది తండ్రి నుంచి కొడుక్కి వచ్చే విద్య, దాన్ని వృత్తిగా చేపట్టిన తొలి తరం మహిళల్లో ఆమె ఒకరు. నల్లజాతి చరిత్రను తలచుకునే పాటలో ఆ వంశగాయకుల వారసురాలు ఉండటం కంటే సముచితమైన కలయిక ఏముంటుంది? పెద్ద పేర్ల వరసలో ఆమె పేరు చివరికి నెట్టుకుపోవడమో, అసలు రాకపోవడమో అన్యాయం. ఆల్బమ్ మొత్తానికి సంగీతం సమకూర్చి, ఇంతమంది గొంతుల్ని ఒక్క తీరుకు తెచ్చిన క్యూ-టిప్ పేరు వదిలేయడమూ అంతే.

ఇది ఒక్క అమెరికా సంగీతానికి సంబంధించిన విషయం కాదు. తెలుగులో రాప్ చేస్తున్న కుర్రాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. పేరున్నవాణ్ణి ఒకణ్ణి పాటలోకి పిలిస్తే వార్త అవుతుందని వాళ్లు పత్రికల నుంచే నేర్చుకుంటే, కొత్త గొంతును, ఊళ్లోని వాద్యకారుణ్ణి పిలవాలన్న ఆలోచన వాళ్లకు ఎక్కడి నుంచి వస్తుంది? ఎల్ఎల్ కూల్ జే తన ఆల్బమ్ చివరి పాటలో ఇంకా పేరు రాని యువ రాపర్లకు చోటిచ్చారు.

కాబట్టి ఇకపై మీ పత్రికలో ఆల్బమ్ గురించి రాసేటప్పుడు, అది తెలుగుదైనా పరభాషదైనా, సంగీతం కూర్చినవారి పేరు, ముఖ్య వాద్యకారుల పేర్లు, అతిథి పాడిన పాట గురించి కనీసం రెండు వాక్యాలు తప్పక ఉండేలా చూడాలని మనవి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విజయవాడ